పెద్ద డ్రమ్ములో పెట్ట పొదిగిన వేసవి

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తాను. పెళ్ళి కాకముందు నుంచీ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కాకినాడ వీధుల్లో కేకలు వేసి వేసి అది గరగరమని అరిగిపోయింది. నేను ముద్దుగా మాట్లాడినా దెబ్బలాటకి వచ్చాననుకుంటారు. చదువంటారా, సంతకం పెట్టగలను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోగలను. అందుకే నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. ఇప్పుడే మొదలుపెట్టాను, అప్పుడే నవ్వుతోంది.

మా ఆయన జెట్టీ దగ్గర బోటు ఇంజన్ల మెకానిక్కు. పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం పానాలు కింద పడేసి బ్యాండు మేళంలో డ్రమ్ము తగిలించుకుని వెళ్ళిపోయేవాడు. మా పెళ్ళికి ఆయన పెళ్ళికొడుకు కాబట్టి వాయించడానికి వీల్లేక, పీటల మీద కూర్చుని తొడ మీద వేళ్ళతో దరువు వేస్తూనే ఉన్నాడు. పంతులు గారు రెండుసార్లు ఆగి చూశారు.

అలాంటి మనిషి దగ్గరికి ఓ రోజు ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు జనరేటరు బాగు చేయించుకోవడానికి వచ్చారు. జుట్లు భుజాల దాకా, నల్ల బనీన్లు. జనరేటరు దేనికి అని అడిగితే బ్యాండు అన్నారట. మా ఆయన పెళ్ళి బ్యాండు అనుకున్నాడు. జనరేటరు మోసుకుని వెళ్ళి చూస్తే వేరే లోకం. దాన్ని త్రాష్ మెటల్ అంటారండి. గిటార్లు రంపంతో దుంగ కోసినట్టు, పాడేవాడు బాకీదారుణ్ణి తిట్టినట్టు, వెనకాల డ్రమ్ము బోటు ఇంజను వదిలేసినట్టు. వాళ్ళకి డ్రమ్ము వాయించేవాడు నిలవడం లేదట, చేతులు నొప్పులు పుట్టి పారిపోతున్నారట. ఈయన కూర్చున్నాడు. రెండు చేతులూ ఒక కాలూ కలిపి దడదడలాడించేసరికి ముగ్గురూ గిటార్లు ఆపి నిలబడిపోయారు. ఇంటికొచ్చి నాతో అన్నాడు, ‘సిక్స్ సిలిండర్ ఇంజను మంచి మూడ్‌లో ఉంటే ఎలా పోతుందో అలా పోవాలే, అంతే’ అని.

ఆ చప్పుడికి ఊళ్ళో ఎవరూ గది అద్దెకివ్వలేదు. మాకు ఎండుచేపల షెడ్డుంది, ఇళ్ళకి దూరంగా, రేకుల కప్పుతో. కాకులూ కుక్కలూ తప్ప పలకరించేవాళ్ళు లేరక్కడ. అందులోకి చేరారు. ఎండిన కానాగంత చేపల వాసనకి మొదట్లో ముక్కులకి గుడ్డలు కట్టుకుని వాయించేవాళ్ళు. అందులోనే ఒక క్యాసెట్టు తీశారు. అదేదో గొప్పే అయ్యింది, ఇంజనీరింగు పిల్లలు ఒకరి దగ్గర ఒకరు కాపీ చేసుకుని అరగదీసేశారని విన్నాను. రాజమండ్రిలో ఓ పెద్ద హాల్లో వాయిస్తే కుర్రాళ్ళు తలకాయలు ఊపుతున్నారని, పూనకం వచ్చిందేమోనని గేటు దగ్గరి వాచ్‌మన్ నిమ్మకాయలకి పరిగెత్తాడట. ఇది మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా నవ్వేదాన్ని.

నన్ను వదినా అనేవాళ్ళు ముగ్గురూ. వాళ్ళకి చేపల పులుసు వండి వండి నా కుండ అడుగు మాడింది.

తర్వాత మా ఆయనకి కామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించాము, పెద్దాసుపత్రిలో చేర్చాము, దక్కలేదు. ఆ ముగ్గురూ మోశారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా వాయించలేదు. పాడేవాడు ఇన్సూరెన్సు ఏజెంటు అయ్యాడు. గిటారతను పోర్టు ఆఫీసులో గుమాస్తా. లావు తీగల గిటారు వాయించే మూడోవాడు మోటార్ల వైండింగు షాపు పెట్టాడు. డ్రమ్ములు మా షెడ్డులో మూలన ఉండిపోయాయి. ఇస్తావా అని అడిగిన వాళ్ళున్నారు, ఇవ్వలేదు. కర్రతో కొట్టే ఇత్తడి తాళాలు రెండు మాత్రం చింతపండు జాడీల మీద మూతలుగా పెట్టాను, దుమ్ము పడకుండా బాగా సరిపోయాయి.

చాలా ఏళ్ళయింది. అప్పటికి క్యాసెట్లు పోయి సీడీలు వచ్చేశాయి, చేపలమ్మే మాకు కూడా సెల్లులు వచ్చేశాయి. ఆ వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట ఆపించే రోజుల్లో, బోట్లన్నీ ఒడ్డున కట్టేసి షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, రెండు స్కూటర్లు వచ్చి మా గుమ్మం ముందు ఆగాయి. దిగినవాళ్ళని చూసి నేను చందా అడిగే పెద్దమనుషులనుకున్నాను. ఒకరికి బొజ్జ, ఒకరికి బట్టతల, ఒకరికి కళ్ళజోడు. ‘వదినా’ అనేసరికి గుర్తుపట్టాను. మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడకి చెవులు అప్పటికే మందం, నోరు మాత్రం మందం కాలేదు. ‘జుట్లేవిరా?’ అంది.

వాళ్ళొచ్చిన పని మళ్ళీ ఒక ఆల్బం తియ్యాలని. ఎవరో హైదరాబాదు పిల్లలు పాత క్యాసెట్టు విని, వీళ్ళెక్కడున్నారని వెతుక్కుంటూ ఫోను చేశారట, మళ్ళీ వాయించరా అని అడిగారట. ఆ ఒక్క ఫోనుకి ముగ్గురికీ మతి పోయింది. పాటలు కట్టేసుకున్నారు. చోటు కావాలి, బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళేలోపు షెడ్డు ఇవ్వమన్నారు.

‘షెడ్డుకేం, తీసుకోండి. మరి డ్రమ్ము ఎవరు?’ అన్నాను.

గిటారు మరిది కళ్ళజోడు సర్దుకున్నాడు. ఇప్పుడు కంప్యూటర్లో డ్రమ్ములు వచ్చేశాయని, మనిషి అక్కర్లేదని, ఎంత స్పీడు కావాలంటే అంత నొక్కుకోవచ్చని, ఇప్పుడందరూ అలాగే చేస్తున్నారని చెప్పుకొచ్చాడు. తప్పుగా ఏమీ చెప్పలేదు పాపం. నాకే లోపల ఏదో తెగింది. ఇన్నాళ్ళూ వాళ్ళు వాయించకపోతే, ఆయన లేడు కాబట్టి వాయించడం లేదు అనుకునేదాన్ని, అదో తృప్తి. ఇప్పుడు వాయిస్తున్నారు, ఆయన చోట ఒక మీట ఉంది. ఈ సీడీ బయటికొచ్చాక ఆయన వాయించాడన్న మాటే ఉండదు.

‘నా షెడ్డులో ఆయన డ్రమ్ము మోగకుండా ఏదీ మోగదు’ అన్నాను. నా గొంతుకి అది తిట్టినట్టే ఉంటుంది కదా, పాడే మరిది రెండడుగులు వెనక్కి వేశాడు. ఇన్సూరెన్సు పని చేసి చేసి మనిషి అంత మెత్తబడిపోయాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. డ్రమ్ములు బయటికి తీసి, వాయించే మనిషిని వెతికి, ఒకసారి పెట్టి చూస్తారు. పాత క్యాసెట్టులోలాగా పలికితే సరే. పలక్కపోతే నేను నోరు మూసుకోవాలి, కంప్యూటరు తెచ్చుకుంటారు. సరేనన్నాను. షెడ్డు తాళం తీశాను. మూలన గోనెపట్టా ఎత్తి చూస్తే పెద్ద డ్రమ్ములోంచి మా ఎర్రపెట్ట తల బయటపెట్టి కుర్రుమంది.

కాలితో వాయించే పెద్ద డ్రమ్ము ఉంటుంది చూడండి, దాని ముందు చర్మానికి గుండ్రంగా కన్నం ఉంటుంది. తలుపు కింది సందులోంచి షెడ్డులోకి వచ్చి, ఆ కన్నంలోంచి దూరి గుడ్లు పెట్టి పొదుగు పడింది. పెట్ట నాలుగు రోజులుగా కనపడక ఏ కుక్క పట్టుకుపోయిందోనని నేను వీధంతా శాపనార్థాలు పెట్టి వచ్చాను.

‘తీసెయ్యండి వదినా, బుట్టలో పెట్టుకుందాం’ అన్నాడు వైండింగు మరిది.

పొదుగు మీదున్న పెట్టని కదిపితే అది మళ్ళీ కూర్చోదు, గుడ్లన్నీ మురిగిపోతాయి. మా ఇంట్లో అలా ఎవరూ చెయ్యరు. పిల్లలు లేచేదాకా ఆ చుట్టుపక్కల చప్పుడు కూడా చెయ్యము. ఆ మాట చెప్పేసరికి ముగ్గురి ముఖాలూ చూడాలి. అటు బోట్లు కదిలే రోజు దగ్గర పడుతోంది, ఇటు కోడి లేవదు. మా అత్తకి సంగతి చెవిలో అరిచి చెబితే చాలాసేపు నవ్వి, ‘మెటలో గిటలో, ముందు పురుడు కానివ్వండి’ అంది.

పెట్ట పొదిగినన్ని రోజులూ వాళ్ళు సాయంత్రాలు వచ్చి షెడ్డు బయట ఇసుకలో కూర్చుని, గిటార్లకి కరెంటు పెట్టకుండా టికటికమని వాయించుకునేవాళ్ళు. పాడే మరిది కేకలన్నీ గుసగుసగా పాడేవాడు. తల్లి జోకొట్టినట్టు ఉండేది ఆ త్రాష్ మెటల్. లోపలికి వెళ్ళి నూకలూ నీళ్ళూ పెట్టి వచ్చేది నేనే. ‘ఏమన్నా కదిలాయా వదినా?’ అని ముగ్గురూ ఒకేసారి అడిగేవాళ్ళు, కాన్పు గది బయట మొగుళ్ళలాగా.

ఈలోపు వాయించే మనిషి సంగతి నేను చూశాను. మా ఆయనకి చిన్నప్పుడు కర్రలు పట్టడం నేర్పించిన బ్యాండు మేస్త్రి గారు ఇంకా ఉన్నారు. అరవై దాటినా చేతులు చెక్కుచెదరలేదు, ఊరేగింపులకి వెళ్తూనే ఉన్నారు. ఆయనకి పాత క్యాసెట్టు వినిపించాము. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. ‘మా వాడు ఎక్కడా జారలేదండి’ అన్నారు. వాయిస్తానన్నారు. నేర్చుకోవడానికి ఆ క్యాసెట్టు ఇంటికి పట్టుకెళ్ళారు. వాళ్ళావిడ ఆ వారం పుట్టింటికి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

ఒక పొద్దున్న షెడ్డులో కీచుకీచులు వినపడ్డాయి. పెట్ట పిల్లల్ని వెంటేసుకుని కన్నంలోంచి దర్జాగా దిగివచ్చింది. నేను వెంటనే డ్రమ్ము శుభ్రం చెయ్యడానికి కూర్చున్నాను. చెయ్యి లోపల పెట్టి గుడ్డు పెంకులూ, ఈకలూ, గడ్డీ లాగాను. అడుగున ఉండచుట్టిన గుడ్డ ఏదో ఉంది. మసిగుడ్డ అనుకుని లాగాను. అది వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. తెల్ల నేత, ఎర్ర అంచు, పసుపు మరకలు.

నా పెళ్ళిచీర.

ఈ చీర సంగతి చెప్పకపోతే మీకు అర్థం కాదు. మధుపర్కం చీర మా వాళ్ళలో దాచుకుంటారు. మొగుడి కన్నా ముందు పోతే దానితో సాగనంపుతారు, ఆ అదృష్టం కోసం. పెళ్ళైన మూడో ఏటనో ఎప్పుడో నా చీర పెట్టెలోంచి మాయమైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లోకి ఒక కొత్త స్టీలు గిన్నె వచ్చింది. పాతబట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే మనిషికి మా అత్తే నా చీర వేసేసిందని నేను తేల్చేశాను. ఆవిడ కాదు, డబ్బు పెట్టి కొన్నానంటుంది, నేను చీర వేసే తెచ్చావంటాను. ఆ గిన్నెలో అన్నం వండిన ప్రతిసారీ ఒక మాట అనకుండా దించలేదు. మా ఆయన మధ్యలో కూర్చుని తల వంచుకుని అన్నం తినేవాడు. ఇప్పుడు తెలిసింది ఎందుకు తలెత్తేవాడు కాదో.

చీర పట్టుకుని అరుగు మీదికి వెళ్ళి ఆవిడ ఒళ్ళో వేశాను. అంచు తడిమి చూసుకుంది.

‘గిన్నె ఎక్కడుందే?’ అంది.

‘వంటింట్లో ఉంది అత్తా.’

‘తోమి తెచ్చి నా ముందు పెట్టు.’

తోమి తెచ్చి పెట్టాను. సాయంత్రం దాకా ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, వచ్చేపోయేవాళ్ళందరికీ చూపిస్తూ.

చీరని కుంకుడు రసంలో ఉతికి, నీడన ఆరేసి, పెట్టెలో అడుగున పెట్టాను. నేను కట్టుకునేది లేదు, నా మీద కప్పేదీ లేదు, ఆ ముచ్చట నాకు తప్పిపోయింది. అయినా దొరికింది కదా. మరుదులకి ఒక్క మాట కూడా చెప్పలేదు. డ్రమ్ముని చింతపండుతో తోమి, తుడిచి, లోపల పూచికపుల్ల లేకుండా చేశాను. తాళాలు జాడీల మీద నుంచి తీసి అవీ తళతళలాడించాను.

మర్నాడు పెట్టి చూశారు. మేస్త్రి గారు బంగారు జలతారు కుట్టిన ఎర్రకోటు వేసుకుని వచ్చారు, ప్రోగ్రాం అనుకున్నారట. అంత ఎండలో ఆ కోటు విప్పించడానికే చాలా బతిమాలాల్సి వచ్చింది. చేతి డ్రమ్ములు అందరూ తల ఊపేలా వాయించారు. కాలి డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. సరస్వతిని కాలితో తన్నడమేంటండీ అన్నారు. మా ఆయన కూడా కూర్చునే ముందు దాన్ని తాకి కళ్ళకద్దుకునేవాడని నేను చెబితే, లేచి వచ్చి డ్రమ్ముకి దండం పెట్టి, క్షమించమని పైకే చెప్పి, అప్పుడు కాలు వేశారు.

డబాం అని మోగింది. ఖాళీ నీళ్ళ ట్యాంకు మీద బండరాయి పడ్డట్టు. ఇంకోసారి కొట్టారు, రేకులన్నీ గడగడలాడాయి. కొట్టిన దెబ్బ తాలూకు మోత ఆగకముందే ఇంకో దెబ్బ పడుతోంది, అన్నీ కలిసి ఒకటే రొద. పాత క్యాసెట్టులో అలా ఉండదు. అందులో దెబ్బ దెబ్బకీ ధప్ ధప్ అని, గుండె మీద అరచేత్తో కొట్టినట్టు ఉంటుంది. మరలు బిగించారు, వదులు చేశారు, చోటు మార్చారు. ఏం చేసినా డబాం.

గిటారు మరిది నా వైపు చూడలేక నేల చూపులు చూస్తున్నాడు. ‘వదిన గారూ, అనుకున్న మాట ప్రకారం...’ అన్నాడు.

నా ఇంత గొంతూ అప్పుడు అక్కరకి రాలేదు. ఇంతలో వైండింగు మరిది వంగి డ్రమ్ము కన్నంలోకి చూశాడు. చూసి పాడే మరిది వంక చూశాడు. వాడు గిటారు మరిది వంక చూశాడు. ముగ్గురూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. దొంగతనం చేసి బడిలో నిలబడ్డ పిల్లలు ఎలా ఉంటారు, అచ్చం అలా ఉన్నారు.

నాకు అప్పుడు వెలిగింది.

‘మీ ముగ్గురికీ తెలుసన్నమాట’ అన్నాను.

‘మోత చంపడానికి అన్నయ్య పెట్టాడు వదినా’ అన్నాడు వైండింగు మరిది. ‘దుప్పట్లు పెట్టాం, గోనెలు పెట్టాం, ఏదీ కుదర్లేదు. ఒకరోజు ఈ చీర తెచ్చాడు. పాత నేత, మెత్తగా ఉంది, సరిగ్గా పలికింది. మీకు చెప్పద్దని ఒట్టు వేయించుకున్నాడు.’

‘గిన్నె గొడవ కూడా తెలుసా?’

పాడే మరిది మెల్లగా, ‘అన్నయ్య వచ్చి రోజూ చెప్పేవాడండి’ అన్నాడు.

నేను ఇంట్లోకి వెళ్ళాను. పెట్టె తీశాను. నిన్ననే మడతపెట్టిన చీర, కుంకుడుకాయ వాసన ఇంకా పోలేదు. పెట్టెలో ఉంటే చీర నాది. డ్రమ్ములో ఉంటే డ్రమ్ము ఆయనది. తర్వాత నవ్వొచ్చింది. నాకు దొరకకూడదని ఇన్నేళ్ళు దాచిన మనిషి, కోడికి దొరుకుతుందని అనుకోలేదు.

చీర తెచ్చి వైండింగు మరిది చేతిలో పెట్టాను. మా ఆయన ఎలా ఉండ చుట్టేవాడో అలాగే చుట్టి లోపల పెట్టాడు. అంతా చూస్తున్న మేస్త్రి గారు పీట మీద నుంచి లేచి పక్కన నిలబడ్డారు.

‘డ్రమ్ము వరకు దండం పెట్టుకుని సర్దుకున్నానమ్మా. ఇంటి కోడలి పెళ్ళిచీరని తన్నమంటే నా వల్ల కాదండి’ అన్నారు.

అందరూ నా వైపు చూశారు. నేను ఎదురెళ్ళి చెప్పాను. ‘మేస్త్రి గారూ, ఇంట్లో నా మీద ఏనాడూ చెయ్యెత్తని మనిషి, ఈ షెడ్డులో రోజూ సాయంత్రం కూర్చుని నా చీరని దడదడ తన్నాడు. నాకెక్కడా నొప్పి తెలియలేదు. చీర నాది, నేనే చెబుతున్నాను, గట్టిగా కొట్టండి.’

ఆయన ఈసారి నాకు దండం పెట్టి కూర్చున్నారు. కాలు వేశారు.

ధప్.

ఇంకోసారి, ధప్ ధప్. ఆ తర్వాత ఇంజను అందుకున్నట్టు అందుకున్నారు. వెనకాల గిటార్లు కలిశాయి. పాడే మరిది ఇన్సూరెన్సంతా మర్చిపోయి, మెడ నరాలు ఉబ్బేలా ఒక్క కేక పెట్టాడు. బయట కాకులన్నీ లేచిపోయాయి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. పైన రేకులు అదురుతున్నాయి, కాళ్ళ కింద నేల అదురుతోంది. పాత రోజుల్లో పులుసు గిన్నె పట్టుకుని వచ్చినప్పుడు ఆ గుమ్మంలో కాళ్ళకి ఎలా తగిలేదో అలాగే తగిలింది.

కంప్యూటరు ఊసు మళ్ళీ రాలేదు. వచ్చింది గానీ వేరే పనికి. బోట్లు కదలబోయే ముందు రోజుతో రికార్డింగు ముగించారు. ఆఖరి పాట చివర్లో, అంతా ఆగి నిశ్శబ్దం అయ్యాక, మా ఎర్రపెట్ట పిల్లలతో లోపలికొచ్చి తన చోటు చూసుకుని కొక్కొక్కొమంది. దాన్ని చెరపడానికి గిటారు మరిది కంప్యూటర్లో ఎంతో ప్రయత్నించాడు. చెరిపితే మేస్త్రి గారి చివరి తాళం మోత కూడా తెగిపోతోందట. ఉండనివ్వమన్నాను. ఉంది. హైదరాబాదు పిల్లలు అది చాలా బాగుందని, కావాలనే పెట్టారా అని అడిగారట. అవునని చెప్పాడు, పోర్టు గుమాస్తా.

సీడీ వచ్చిన రోజు మా అత్తని రిక్షాలో వైండింగు షాపుకి తీసుకెళ్ళాము, అక్కడ పెద్ద స్పీకర్లున్నాయని. ఆవిడకి వినపడదు కదా, స్పీకరు పెట్టె మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాము. పాట మొదలైంది. చెయ్యి అదురుతుంటే ఆవిడ ముఖం మారింది.

‘మా వాడే’ అంది.

వాయించింది మేస్త్రి గారని చెవి దగ్గర అరిచాను. తల అడ్డంగా ఊపింది. చేతులు ఎవరివైతేనేం, ఈ చప్పుడు వాడిదే అంది.

‘అది నా పెళ్ళిచీర చప్పుడు అత్తా’ అన్నాను.

ఆవిడ చెయ్యి తియ్యకుండానే నా వైపు తిరిగింది. ‘ఇద్దరిదీ అనుకో. నా గిన్నె జోలికి మాత్రం రాకు.’